మాటలు మోసిన పిల్ల

శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే రోడ్డు మీద, ఎడమ చేతి వైపు రేకుల షెడ్డులో జాన్సన్ వెల్డింగ్ షాపు ఉంటుంది. చుట్టుపక్కల కొత్తగా లేచిన కాలనీల్లో చాలా ఇళ్ల గేట్లు, కిటికీ గ్రిల్స్ అతని చేతి మీదుగా పోయినవే. మనిషికి నలభై అయిదేళ్లుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. పనిలో ఉన్నంతసేపూ నల్ల అద్దం మొహానికి అడ్డం పెట్టుకుంటాడు కాబట్టి మాట్లాడడు. అద్దం పక్కన పెట్టినా పెద్దగా మాట్లాడడు. గిరాకీ వచ్చి ఫోన్లో డిజైన్ చూపిస్తే "అయితది" అంటాడు, లేకపోతే "కాదు" అంటాడు. అంతే.

ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. అక్కడ మాత్రం అతని చేతులు ఊరుకోవు. కొత్తగా వచ్చినవాళ్లు, ఎవరీయన ఇంత హుషారుగా వాయిస్తున్నాడని తిరిగి చూస్తారు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చునే చర్చి అది. అందుకే జాన్సన్, అతని భార్య మనోరమ నాలుగేళ్లుగా ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదన్న సంగతి సంఘంలో ఎవరికీ తెలియలేదు. ఇంట్లో ఉన్న మూడో మనిషికి, వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ జాస్మిన్‌కు మాత్రమే తెలుసు.

అది జాన్సన్ తల్లి మరియమ్మ చనిపోయిన రోజు మొదలైంది. ముసలామెకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు మంచంలో ఉంది. మనోరమ మేడ్చల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. అక్కడ పొద్దంతా రోగులకు చేసే సేవే ఇంటికొచ్చి అత్తకూ చేసేది. ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది, జావ తాగించేది. ఆ రోజు పొద్దున ముసలామెకు ఛాతీలో కఫం గట్టిపడి ఊపిరి బరువుగా వస్తోంది. జాన్సన్‌కు యాప్రాల్‌లో గేటు బిగించే పని ఉంది.

"ఇయ్యాల డ్యూటీకి పోకు" అన్నాడు భార్యతో.

"రెండు రోజులు సెలవు పెట్టిన. ఇంకా పెడితే తీసేస్తరు. ఇయ్యాల నువ్వుండు."

అతను ఆమె ఉంటుందనుకుని పోయాడు. అతను కాసేపట్లో ఎట్లాగూ తిరిగొస్తాడనుకుని ఆమె పోయింది. బడికి సెలవు కావడంతో పదకొండేళ్ల జాస్మిన్ ఒక్కతే ఇంట్లో ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి ముసలామె పోయింది.

మర్నాడు సమాధుల తోటలో, పాస్టర్ ప్రార్థన ముగించాక, అందరూ తలా పిడికెడు మట్టి వేస్తున్నారు. మనోరమ వంగి మట్టి తీసుకోబోతుంటే జాన్సన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మా అమ్మను నువ్వే సంపినవ్. నువ్వు మన్ను ఎయ్యకు."

అందరూ విన్నారు. దుఃఖంలో ఉన్నవాడు ఏదో అన్నాడులే, రెండు రోజుల్లో సర్దుకుంటారులే అనుకున్నారు. మనోరమ చెయ్యి విడిపించుకుని, చీర కొంగుకు తుడుచుకుని, వెనక్కి జరిగి నిలబడింది. ఆ క్షణం నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు.

అన్న మాట తప్పని జాన్సన్‌కు అదే వారంలో తెలిసింది. ఎనిమిది నెలలు తల్లికి ఎవరు చేశారో అతనికి తెలియనిది కాదు. కానీ తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. వారం అయ్యాక చెప్పడం కష్టమైంది. నెల అయ్యాక ఇంకా కష్టమైంది. ఏడాది తిరిగాక ఎక్కడ మొదలుపెట్టాలో కూడా అతనికి తెలియలేదు. ఆమే ఏదో ఒకటి అంటే, తిట్టినా సరే, ఆ మాట పట్టుకుని తనూ మాట్లాడొచ్చని ఎదురుచూశాడు. ఆమె ఏమీ అనలేదు.

రెండు గదుల ఇల్లు. వంటగదికీ, అతను కూర్చునే కుర్చీకీ మధ్య నాలుగడుగుల దూరం.

"జాస్మిన్, గ్యాస్ అయిపోయిందని మీ నాయినకు చెప్పు" అనేది మనోరమ పొయ్యి దగ్గరి నుంచి.

జాన్సన్‌కు వినిపిస్తూనే ఉండేది. అయినా జాస్మిన్ వచ్చి ఎదుట నిలబడి, "నాయినా, గ్యాస్ అయిపోయిందంట" అనే దాకా తల ఎత్తేవాడు కాదు. మొదట్లో పిల్ల విన్నది విన్నట్టు చెప్పేది. తర్వాత్తర్వాత కొంచెం మార్చడం నేర్చుకుంది. "తినేటప్పుడు తప్ప ఇల్లు యాదికి రాదు మీ నాయినకు, అడుగు, కరెంటు తీగ ఎప్పుడు చేపిస్తడో" అని తల్లి అంటే, ఆ పిల్ల వచ్చి, "నాయినా, తీగ కాడ షాక్ కొడతాంది, నువ్వు చూస్తే మంచిగుంటదంటుంది అమ్మ" అనేది. మనోరమ వంటగదిలో ఉంటే వినబడుతుంది కాబట్టి, ఇలాంటి పెద్ద మార్పులు జాస్మిన్ ఇద్దరూ ఒకచోట లేనప్పుడే చేసేది. మనోరమకు డ్యూటీ మారుతూ ఉంటుంది. జాన్సన్ ఎక్కువగా షాపులోనే ఉంటాడు. ఇద్దరూ ఒకచోట లేని సమయమే ఆ ఇంట్లో ఎక్కువ.

ఒకసారి సాయంత్రం జాస్మిన్ షాపు దగ్గరికి వచ్చి చిన్న సీసా ఒకటి చేతిలో పెట్టింది. వెల్డింగ్ మంటకు అతని కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి.

"ఏందిది?"

"కండ్లల్ల ఏసుకునే మందు. అమ్మ పంపింది. రెండు పూటలా ఏసుకొమ్మన్నది."

జాన్సన్ ఆ సీసాను కాసేపు చేతిలో తిప్పి చూశాడు. ఆ వారం డోలక్ ఎప్పటికన్నా గట్టిగా వాయించాడని పాస్టర్ అన్నాడు. ఇంకొన్నాళ్లు ఆగితే మనోరమ మనసు మెత్తబడుతుందని అతనికి ఆశ పుట్టింది.

జాస్మిన్ తొమ్మిదిలోకి వచ్చింది, తర్వాత పదిలోకి వచ్చింది. పిల్లలో ఏదో మారుతోందని జాన్సన్ చూడకపోలేదు. ఒక రోజు పక్కన కూర్చుంటే ఆమె జుట్టులోంచి సిగరెట్ వాసన వచ్చింది. ఇంకో రోజు వీధి మలుపులో ఎవరిదో బండి దిగి, నడిచి వచ్చినట్టు ఇంట్లోకి వచ్చింది. అన్నిటికన్నా అతన్ని ఆపింది ఆమె ఎడమ చేతి మీది సన్నటి గీతలు. వరసగా ఉన్నాయి.

"చెయ్యికేమైంది బిడ్డా?"

"పిల్లి గీకింది."

వాళ్ల వీధిలో పిల్లి లేదు. ఇనుముతో పని చేసేవాడు, ఏ గాయం ఎట్లా అవుతుందో అతనికి తెలుసు. గొంతు దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆడపిల్ల సంగతి, తల్లి చూసుకుంటుంది అనుకున్నాడు. మనోరమ కూడా ఆ గీతలు చూసింది. అది అతనికి తర్వాత తెలిసింది. నాయినకు దగ్గరి పిల్ల, అడిగితే ఆయనే అడుగుతాడు అని ఆమె అనుకుంది.

జూలైలో బడి నుంచి ఫోను వచ్చింది. క్లాస్ టీచర్ భాస్కర్ సారు.

"జాన్సన్ గారూ, పాప ఈ నెలలో ఎనిమిది రోజులు రాలేదు. వచ్చినా క్లాసులో ఉన్నట్టుండదు. మంచి పిల్ల, నాకు భయంగా ఉంది. మీరూ మేడమూ ఇద్దరూ ఒకసారి రండి."

"వస్త సార్" అన్నాడు జాన్సన్.

ఇద్దరూ రావాలంటే భార్యతో మాట్లాడాలి. ఆ రోజు సాయంత్రం జాస్మిన్‌ను పిలిచి, "మీ సారు ఫోన్ చేసిండు. బడికి పోయి కలువుమని మీ అమ్మకు చెప్పు" అన్నాడు.

జాస్మిన్ అతని మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు ఆ చూపును అతను పట్టించుకోలేదు. తర్వాత ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా, ఆ పిల్ల తను ఇంకేదైనా అంటానని ఆగిందనే అతనికి అనిపిస్తుంది.

"చెప్త" అంది జాస్మిన్.

రెండు రోజుల తర్వాత తనే వచ్చి, "అమ్మ పోయొచ్చింది నాయినా. సారు మంచిగనే మాట్లాడిండంట" అంది. జాన్సన్ గుండె తేలికపడింది. ఇంకేమీ అడగలేదు.

సెప్టెంబరులో ఒక శనివారం. వానలు అప్పుడే తెరిపిచ్చాయి. జాన్సన్ ఒక గేటుకు ప్రైమర్ కొడుతుంటే ఇస్తారి నుంచి ఫోను. ఇస్తారి కీసర వైపు కంకర క్రషర్‌లో టిప్పర్ నడుపుతాడు. టిప్పర్ వెనక డాలా తలుపు పగిలితే ఇక్కడికే తెచ్చి వెల్డింగ్ చేయించుకుంటాడు.

"జాన్సనన్నా, నీ బిడ్డ పేరు జాస్మినేనా?"

"అవును. ఏందిరా?"

"జల్దీ రా అన్నా. గుంతల దుంకింది. పానం ఉన్నది, భయపడకు. దవాఖానకు తోలుకపోతున్నం."

పని ఆగిపోయిన పాత క్వారీ గుంత అది. వానలకు నీళ్లు నిండి పచ్చగా ఉంటుంది. అయిదుగురు పిల్లలు పోయారు, ముగ్గురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. బీరు సీసాలు పట్టుకుపోయారు. రాతి అంచు మీది నుంచి నీళ్లలోకి దూకడం, దాన్ని ఫోన్లో తీసుకోవడం వాళ్ల ఆట. జాస్మిన్ రెండుసార్లు దూకింది. మూడోసారి ఇంకా పైకెక్కి దూకింది. ఆ చోట నీళ్ల కింద బండ ఉంది.

జాన్సన్ ఆసుపత్రి చేరేసరికి మనోరమ ముందే వచ్చి ఉంది. ఎవరో ఫోను చేస్తే డ్యూటీ మధ్యలోంచి వచ్చింది కాబట్టి ఆయాల నీలం చీరలోనే ఉంది. బిడ్డను లోపలికి తీసుకుపోయారు. ఒక డాక్టరమ్మ వచ్చి వివరాలు అడిగింది.

"ఇంట్లో ఏం చెప్పి వెళ్లింది?"

"నాగారంల అమ్మమ్మ ఇంటికి" అన్నాడు జాన్సన్. "వాళ్ల అమ్మే పొమ్మన్నదని చెప్పింది."

"చర్చిల పాటల ప్రాక్టీసు ఉన్నదన్నది" అంది మనోరమ అదే సమయానికి. "వాళ్ల నాయిన తోలుకపోతడన్నది."

డాక్టరమ్మ ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూసింది. "మీరిద్దరూ ఉండేది ఒకే ఇంట్లోనేనా?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవడానికి. ఇద్దరూ తలలు ఊపారు.

ఆమె లోపలికి పోయాక బెంచీ మీద ఈ కొసకు అతను, ఆ కొసకు ఆమె కూర్చున్నారు. చాలాసేపటికి మనోరమ గోడ వైపు చూస్తూనే అంది.

"నేనెప్పుడు పొమ్మన్న నాగారం?"

నాలుగేళ్లలో ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

"నాకెర్కలే" అన్నాడు. "నువ్వు బడికి పోయి సారును కలిసినవ్ గద?"

"ఏ సారు?"

"జూలైల. సారు పిలిచిండు. నీకు చెప్పుమన్న."

మనోరమ తల తిప్పి అతన్ని చూసింది. "ఎవ్వలకు చెప్పినవ్? పిల్లకా? పిల్ల మీద వచ్చిన ఫిర్యాదు పిల్లకే చెప్పి పంపినవా?"

అంతలోనే ఆమె గొంతు మారింది.

"పోయిన ఎండకాలం నా కాళ్లు వాచినయ్. నువ్వు చూసి, రెండు రోజులు ఇంటి కాడ ఉండుమన్నవంట. అన్నవా?"

"నేననలే."

"అప్పుడు నేను సెలవు పెట్టి పండుకున్న. నా మీద ఇంకా ఇంత రంది ఉన్నదా ఈ మనిషికి అనుకున్న."

"కండ్ల మందు నువ్వు పంపలేదా?" అన్నాడు జాన్సన్.

"ఏం మందు?"

ఇంక అడగాల్సింది ఏమీ లేదు. అయినా ఇద్దరూ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ అడుగుతూ పోయారు. ఏది అడిగినా "నేననలే" అనే సమాధానం. ఆ నాలుగేళ్లలో ఒకరి నుంచి ఒకరికి చేరిన మెత్తటి మాటలన్నీ ఆ పిల్ల తన మనసులోంచి తీసి అల్లినవే. అట్లా అల్లడం అలవాటయిన పిల్లకు తన కోసం నాలుగు అబద్ధాలు అల్లుకోవడం ఎంత పని? తల్లి తండ్రిని అడగదు, తండ్రి తల్లిని అడగడు. ఇద్దరికీ రెండు కథలు చెప్పి, మధ్యలోంచి ఎక్కడికైనా పోవచ్చు.

మూడో రోజు శ్రీలేఖ వచ్చింది. గుంత దగ్గర ఉన్న రెండో అమ్మాయి, జాస్మిన్ క్లాసే. కాలనీలో ఉండే ఆంధ్రా వాళ్ల పిల్ల. ఆమె తండ్రి రాజారావు దూరంగా మెట్ల దగ్గర నిలబడ్డాడు. శ్రీలేఖ ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది.

"నేను వద్దన్నానండీ అంకుల్. రెండుసార్లు దూకావు చాలు, ఇంటికి పోదాం అన్నాను. మీ ఇంట్లో తెలిస్తే చంపేస్తారే అన్నాను. అదేమో నవ్వింది. 'మా ఇంట్ల తెల్వాలంటే ముందు నేనే చెప్పాలె' అంది. అని పైకెక్కేసింది."

రాజారావు వచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. జాన్సన్‌కు నమస్కారం పెట్టి పిల్లను తీసుకుని పోయాడు.

జాస్మిన్ బతికింది. నడుము కింద మాత్రం ఏమీ తెలియడం లేదు. వెన్నుపూస దగ్గర దెబ్బ తగిలిందని, నడవడం కష్టమని డాక్టర్లు మెల్లమెల్లగా చెప్పారు. దీపావళి దాటాక ఇంటికి తెచ్చుకున్నారు. జాన్సన్ గడప దగ్గర మెట్లు పగలగొట్టి చక్రాల కుర్చీ ఎక్కేట్టు ఏటవాలుగా ఇనుప పలక వేశాడు. మంచానికి పట్టుకుని లేవడానికి కమ్మీలు బిగించాడు. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఇప్పుడు భార్యాభర్తలు మాట్లాడుకోక తప్పదు. "ఎప్పుడు తిప్పినవ్?" "ఇందాకనే." "మందు ఏసినవా?" "నువ్వు ఎయ్యి."

మొదటి రోజు ఆ మాటలు విని జాస్మిన్, "ఇప్పుడు మాట్లాడుకుంటున్రా? మంచిగుంది" అని గోడ వైపు మొహం తిప్పుకుంది. తర్వాత నెలంతా నీళ్లనో, తిప్పమనో తప్ప ఇద్దరితోనూ ఏమీ మాట్లాడలేదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం. మనోరమ డ్యూటీకి పోయింది. జాన్సన్ బిడ్డ కాళ్లను ఫిజియోథెరపీ అమ్మాయి చూపించినట్టు మడిచి, చాపుతున్నాడు. ఆ కాళ్లు అతని చేతుల్లో తేలిగ్గా ఉన్నాయి. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట ఆ పని మధ్యలో బయటికొచ్చింది.

"ఎందుకు దుంకినవ్ బిడ్డా?"

జాస్మిన్ కమ్మీ పట్టుకుని తల కొంచెం పైకెత్తింది.

"అవ్వ సచ్చిపోయినప్పుడు నన్ను ఎవ్వలన్న ఏమన్న అడిగిండ్రా నాయినా?" అంది. "ఇంట్ల నేనొక్కదాన్నే ఉంటి. గొంతుల గురగురమన్నది. నీళ్లు తాపిన, దిగలే. పక్కింటికి ఉరకాల్నా, అవ్వ చెయ్యి పట్టుకోవాల్నా నాకు తెల్వలే. చెయ్యి పట్టుకున్న. తెల్లారి నువ్వు అందరి ముంగట, మా అమ్మను సంపినవ్ అంటివి. అమ్మను అంటుండు గని ఇంట్ల ఉన్నది నేను గద అనుకున్న. నిజం తెలిస్తే నన్ను కూడా మన్ను ఎయ్యనియ్యకపోదువు అనుకున్న."

జాన్సన్ చేతులు ఆగిపోయాయి.

"మీరు మాట్లాడుకోకుంటే గది నా వల్లనే అనుకున్న. నేనే మంచిగ చెయ్యాలె అనుకున్న. ఏం మాట ఎట్ల మార్చాలె, ఎవ్వలకు ఏం చెప్పిన, ఎప్పుడూ గదే రంది. గుంత మీదికెల్లి దుంకితే, నీళ్లల్ల పడేదాంక ఏదీ యాదికుండదు నాయినా. గంతే."

అతను బిడ్డ పాదాల మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ పాదాలకు అతని కన్నీళ్ల తడి కూడా తెలియదు. జాస్మిన్ ఏడవలేదు. "లే నాయినా, అమ్మ వస్తది" అని మాత్రం అంది.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. సంఘంలో ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సమయం అది. జాన్సన్ డోలక్ పక్కన పెట్టి లేచాడు. ఇరవై ఏళ్లలో అతను సాక్ష్యానికి లేవడం ఎవరూ చూడలేదు. బిడ్డ బతికినందుకు స్తోత్రం చెబుతాడనుకున్నారు.

"మా అమ్మను మట్టి చేసిన్నాడు, నా భార్యను నేనొక మాట అన్న" అన్నాడు. "మీరంతా విన్నరు. అది అబద్ధం. మా అమ్మకు ఎనిమిది నెలలు చేసింది ఆమెనే. ఆ రోజు పోవద్దని చెప్పి నేనే పోయిన. తప్పు నాది. గది అదే నెల చెప్పాల్సుండె. నాకు నోరు రాలే. నా నోరు రాకపోవట్టి నా బిడ్డ…"

ఆ పైన చెప్పలేకపోయాడు. పాస్టర్ వచ్చి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆడవాళ్ల వైపు మనోరమ తల వంచుకునే ఉంది.

ఇంటికొచ్చాక ఆమె వంటగదిలోకి పోయి బియ్యం కడుగుతుంటే అతను గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె చేతులు ఆపకుండానే అంది.

"ఆ మాట నాలుగేళ్ల కింద చెప్తే నా బిడ్డ నడుస్తుండె."

"అవును" అన్నాడు జాన్సన్.

"నేను కూడా నోరు తెరువలే. నాది కూడా తప్పున్నది" అంది నీళ్లు వంపుతూ. "గని నిన్ను ఇప్పుడే మాఫ్ చెయ్యలేను. అడగకు."

"అడగ."

ఇప్పుడు జాన్సన్ మధ్యాహ్నం రెండింటికే షాపు మూసేస్తాడు. భాస్కర్ సారు వారానికి రెండు రోజులు వచ్చి లెక్కలు చెబుతున్నాడు. వచ్చే ఏడు పది రాయొచ్చని అంటున్నాడు. జాస్మిన్ కొన్ని రోజులు పుస్తకం తీస్తుంది, కొన్ని రోజులు అన్నం కూడా ముట్టదు. అట్లాంటి రోజున అమ్మా నాయినా ఏం చెయ్యాలో తెలియక పెద్దగానే వాదులాడుకుంటారు. నువ్వు గట్టిగా చెప్పమని ఒకరు, నువ్వే పాడు చేస్తున్నావని ఒకరు. పక్క గదిలోంచి జాస్మిన్ అంతా వింటుంది. ఇప్పుడు ఎవరి మాటా మార్చి చెప్పదు.

మొన్న ఒక సాయంత్రం తనే బయటికి తీసుకుపొమ్మంది. జాన్సన్ కుర్చీ తోసుకుంటూ వీధి చివర దాకా పోయాడు. అక్కడ ఖాళీ ప్లాట్లలో పిల్లలు షటిల్ ఆడుతున్నారు. వాళ్లలో ఒకమ్మాయి చెయ్యి ఊపింది. జాస్మిన్ కూడా ఊపింది. పది నిమిషాలు చూశారు.

"సలి పెడతాంది, పోదాం" అంది జాస్మిన్.

అతను తన తువ్వాలు తీసి ఆమె భుజాల చుట్టూ కప్పి, కుర్చీ ఇంటి వైపు తిప్పాడు.